ఒక్కడి బ్యాండ్

టేమ్ ఇంపాలా కచేరీలో స్టేజీ నిండా మనుషులుంటారు. ఒకరు బేస్, ఒకరు డ్రమ్స్, ఇంకొందరు గిటార్లూ కీబోర్డులూ, మధ్యలో పొడుగు జుట్టుతో పాడుతూ కెవిన్ పార్కర్. అదే పాట రికార్డులో విన్నా అంతమందీ ఉన్నట్టే ఉంటుంది. కానీ అక్కడ లేరు. డ్రమ్స్ వాయించింది పార్కర్. బేస్ అతనిదే. గిటార్లు, సింథసైజర్లు, వెనక గుంపుగా లేచే గొంతులు, అన్నీ అతనివే. మిత్రుల చెయ్యి పడ్డ పాటలు కొన్ని ఉన్నాయి గానీ, వాటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఈ బ్యాండ్ గురించి రాసేవాళ్లు చాలామంది 1960ల దగ్గర మొదలుపెడతారు. బీటిల్స్, క్రీమ్, జిమీ హెండ్రిక్స్ పేర్లు వరసగా వచ్చేస్తాయి. ఆ పోలికలు తప్పని అనను. అయితే ఈ శబ్దం పుట్టుక నాకు ఇంకోచోట కనిపిస్తుంది. తోడు వాయించేవాళ్లు లేని ఒక కుర్రాడు తనకి తానే తోడుగా వాయించుకోవడం నేర్చుకున్నాడు. అందుకు కావలసిన పనిముట్లన్నీ పాతకాలం వాళ్లు అప్పటికే కనిపెట్టి పెట్టారు.

పార్కర్ 1986 జనవరిలో సిడ్నీలో పుట్టాడు, పెరిగింది పెర్త్‌లో. ఆస్ట్రేలియా పడమటి తీరాన, హిందూ మహాసముద్రానికి ఎదురుగా ఉన్న ఊరది. పక్కనున్న పెద్ద నగరం ఎడిలైడ్. ఆ పక్క ఊరికి వెళ్లాలంటేనే విమానంలో రెండు వేల కిలోమీటర్ల పైన పోవాలి. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో ఏం నడుస్తోందో, ఎవరు ఎవరిని మెచ్చుకుంటున్నారో పెర్త్ కుర్రాళ్లకి పెద్దగా పట్టేది కాదు. తమ సంగీతం తామే చేసుకుని, తమలో తామే వినిపించుకునేవాళ్లు.

తల్లి దక్షిణాఫ్రికా నుంచి, తండ్రి జింబాబ్వే నుంచి వచ్చినవాళ్లు. బ్యాండ్ పేరులోని ఇంపాలా అనే జింక ఆ ఆఫ్రికా గడ్డి మైదానాలదే. అతని పసితనంలోనే తల్లిదండ్రులు విడిపోయారు. తండ్రి జెర్రీ వృత్తిరీత్యా అకౌంటెంట్. ఇతరుల పాటలు వాయించే బ్యాండ్లలో సరదాగా గిటార్ పట్టేవాడు. ఇంట్లో బీటిల్స్, బీచ్ బాయ్స్, సూపర్‌ట్రాంప్ రికార్డులు మోగేవి. కొడుకు చేతికి గిటార్ ఇచ్చి, నువ్వు తాళానికి తీగలు మీటుతూ ఉండు, రాగం నేను వాయిస్తానన్నది ఆ తండ్రే. పదకొండో ఏట పిల్లవాడు డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. నా లెక్కలో ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన వాయిద్యం అదే. తర్వాత గిటార్ వెనక్కి వెళ్లింది, సింథసైజర్ ముందుకొచ్చింది, పాటల తీరే మారిపోయింది. డ్రమ్స్ మాత్రం ఇప్పటికీ ఇది పార్కర్ పాటేనని పట్టిస్తాయి.

పన్నెండేళ్ల వయసులో అతను రెండు టేప్ రికార్డర్లతో ఒక ఆట మొదలుపెట్టాడు. ముందు డ్రమ్స్ వాయించి ఒక క్యాసెట్‌లో ఎక్కించాలి. దాన్ని మోగిస్తూ, పక్కన ఇంకో వాయిద్యం వాయిస్తూ, రెండూ కలిపి రెండో రికార్డర్‌లో ఎక్కించాలి. ఇప్పుడు ఆ రెండో క్యాసెట్‌ని మోగిస్తూ మూడో వాయిద్యం. ఇలా ఎన్నిసార్లు తిప్పితే అంతమంది వాయించినట్టుంటుంది. కాకపోతే దీనికో ఖరీదుంది. కాపీ తీసిన ప్రతిసారీ టేపు బుస పెరుగుతుంది, కంచు తాళాల మెరుపు తగ్గుతుంది, మొదట ఎక్కించిన డ్రమ్స్ అడుగున మసకబారి దూరంగా వినిపిస్తాయి. పెద్దయ్యాక అతని రికార్డుల్లో వినిపించే ఆ మసకకి పాత శైలి మీద మోజు ఒక్కటే కారణమని నేను అనుకోను. ఆ చెవి తయారైందే మసకలో.

అతను చేస్తున్నది కొత్త పనేం కాదు. అంతకు ముప్పై ఏళ్ల క్రితం లండన్ ఆబీ రోడ్‌లోని ఇ.ఎమ్.ఐ. స్టూడియోలో ఇదే పని జీతం తీసుకుని చేశారు. సైకెడెలిక్ రాక్ అనగానే ఎల్.ఎస్.డి., రంగురంగుల పోస్టర్లు, పూల చొక్కాలు గుర్తొస్తాయి. కానీ ఆ శబ్దాన్ని నిజంగా కనిపెట్టినవాళ్లలో చాలామంది టై కట్టుకుని స్టూడియోకి వచ్చిన ఇంజనీర్లు. వాళ్ల గురించి చెప్పకుండా పార్కర్ గురించి చెప్పడం కుదరదు.

మొదట ఒక చెడిపోయిన మిక్సర్ కథ. 1960ల మొదట్లో నాష్‌విల్లో మార్టీ రాబిన్స్ పాట రికార్డవుతోంది. గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటార్ వెళుతున్న చానల్ పాడై, స్వరం చిరిగిపోయినట్టు, కందిరీగల గుంపులా వచ్చింది. అది తీసెయ్యాలా ఉంచాలా అని తర్జనభర్జన పడి చివరికి ఉంచేశారు. పాట పెద్ద హిట్టయింది. ఇంజనీర్ గ్లెన్ స్నాడీ ఆ చెడిన శబ్దాన్ని కావాలన్నప్పుడు రప్పించేలా ట్రాన్సిస్టర్లతో ఒక చిన్న పెట్టె తయారుచేశాడు. 1962లో గిబ్సన్ కంపెనీ దాన్ని మేస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. మొదట్లో కొన్నవాళ్లు తక్కువ. 1965లో రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ఒక పాటలో దాన్ని వాడాక దుకాణాల్లో దొరకలేదు. ఫజ్ అనే మాట అప్పటినుంచి రాక్ నిఘంటువులో స్థిరపడింది.

రెండోది 1966. బీటిల్స్ ‘రివాల్వర్’ ఆల్బమ్ తయారవుతోంది. జాన్ లెనన్‌కి తన గొంతు జోడుగా వినిపించడం ఇష్టం. అందుకోసం పాడిన పాటనే మళ్లీ పాడటం మాత్రం విసుగు. ఇద్దరు కలిసి పాడితే ఎంత కలిసినా వెంట్రుకవాసి తేడా ఉంటుంది, గొంతుకి బొద్దుదనం ఇచ్చేది ఆ తేడాయే. ఆ తేడాని యంత్రంతో తేగలమా అని ఆలోచించాడు కెన్ టౌన్‌సెండ్ అనే స్టూడియో ఇంజనీర్. గొంతుని రెండో టేప్ యంత్రానికి పంపి, దాని వేగాన్ని కొద్దికొద్దిగా అటూ ఇటూ కదిలిస్తూ, సెకనులో కొన్ని వందో వంతుల ఆలస్యంతో అసలు గొంతు పక్కన చేర్చాడు. ఒక మనిషి ఒకసారే పాడాడు, వినిపించింది ఇద్దరు. ఆ ఆలస్యాన్ని ఇంకా తగ్గిస్తూ పోతే వేరే వింత జరుగుతుంది. రెండు తరంగాల్లో కొన్ని స్వరస్థాయులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, కొన్ని బలపడతాయి. ఆలస్యం మారుతున్న కొద్దీ ఆ రద్దయ్యే చోటు పైకీ కిందకీ జారుతుంది. పాట మొత్తం మెలితిరుగుతూ పోతున్నట్టుంటుంది. దీన్నే ఫేజింగ్ అన్నారు. 1971లో టామ్ ఓబర్‌హైమ్ దీన్ని టేపు లేకుండా కాలి కింద నొక్కే పెట్టెలోకి దించాడు. ఆ తర్వాత వచ్చిన స్మాల్ స్టోన్ అనే ఫేజర్ పెట్టె పార్కర్ కాలి దగ్గర ఏళ్ల తరబడి ఉంది.

అదే ‘రివాల్వర్’ చివరి పాటకి ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్. అప్పటికి అతనికి ఇరవయ్యేళ్లు. రింగో స్టార్ బేస్ డ్రమ్‌లో ఒక ఉన్ని స్వెట్టర్ కుక్కి, స్టూడియో నిబంధనలు ఒప్పుకోనంత దగ్గరగా మైకు పెట్టి, ఆ శబ్దాన్ని ఫెయిర్‌చైల్డ్ లిమిటర్‌లో గట్టిగా నొక్కేశాడు. లిమిటర్ గానీ కంప్రెసర్ గానీ చేసేది ఒకటే. పెద్ద శబ్దాన్ని అణచి, చిన్న శబ్దాన్ని పైకి తెస్తుంది. దెబ్బ పడగానే అణుగుతుంది, ఆ వెంటనే తాళాల మోత, గదిలో గాలి, అన్నీ ఉప్పెనలా పైకొస్తాయి. పార్కర్ డ్రమ్స్ రహస్యం కూడా ఇదే. మైకులు రెండో మూడో, అంతకు మించి ఉండవు. తర్వాత కంప్రెసర్‌తో మామూలు ఇంజనీర్లు భయపడేంత నొక్కుడు.

ఆ పాటలో మనవాళ్లు వెంటనే గుర్తుపట్టేది ఇంకొకటి ఉంది, తంబూరా. జార్జ్ హారిసన్ మీటిన ఆ శ్రుతి మీద పాట ఆది నుంచి అంతం దాకా ఒకే ఆధారం పట్టుకుని నిలబడుతుంది. పాశ్చాత్య పాటలో స్వరాల గుచ్ఛాలు (కార్డ్స్) మారకుండా అంతసేపు నిలవడం అప్పటికి వింతే. కదలని శ్రుతి, దాని మీద తిరుగుతూ ఉండే డ్రమ్స్, టేపు ముక్కలు అతికించి చేసిన చుట్లు. ఈ మూడూ కలిస్తే మనసు మత్తెక్కుతుందని అక్కడ తేలింది. టేపు చుట్టు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

పెర్త్‌కి తిరిగొద్దాం. పదమూడేళ్ల వయసులో బడిలో డొమినిక్ సింపర్ అనే స్నేహితుడు దొరికాడు. ఇద్దరూ కలిసి డీ డీ డమ్స్ అని ఒక బ్యాండ్ పెట్టారు. తర్వాత నిక్ ఆల్‌బ్రూక్, జే వాట్సన్, జో రయన్ లాంటి కుర్రాళ్లు తోడయ్యారు. డాగ్లిష్ అనే పేటలో ఒక అద్దె ఇల్లు అందరికీ అడ్డా. ఆ ఇంట్లోవాళ్లవే పాండ్, మింక్ మసల్ క్రీక్, టేమ్ ఇంపాలా బ్యాండ్లు. ఒకరి బ్యాండులో ఒకరు వాయించేవాళ్లు. అవసరాన్ని బట్టి పార్కర్ ఒకచోట డ్రమ్మరు, ఒకచోట గాయకుడు, ఒకచోట రికార్డింగ్ చేసేవాడు. ఇంత గుంపు చుట్టూ ఉన్నా, తలుపేసుకుని ఎనిమిది ట్రాకుల బాస్ డిజిటల్ రికార్డర్ ముందు ఒంటరిగా కూర్చోవడం అతను మానలేదు.

అలా చేసిన పాటలు కొన్ని మైస్పేస్‌లో పెట్టాడు. 2008లో సిడ్నీలోని మాడ్యులర్ కంపెనీ వాటిని విని పిలిచింది. అప్పుడు అతను విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రం చదువుతున్నాడు. పరీక్షకి వెళుతుంటే దారిలో ఫోన్ వచ్చిందని, అక్కణ్నుంచే వెనక్కి తిరిగానని అతను తర్వాత చెప్పుకున్నాడు. ఆ ఏడే బ్యాండ్ పేరుతోనే ఒక చిన్న రికార్డు వచ్చింది. బరువైన గిటార్ పంక్తులు, ఫజ్, అక్కడక్కడా తప్పుకునే తాళం. ఇంకా పూర్తిగా అతని గొంతు కాదు గానీ డ్రమ్స్ అప్పటికే అతనివే.

మొదటి పూర్తి ఆల్బమ్ ‘ఇన్నర్‌స్పీకర్’ 2010 మే నెలలో వచ్చింది. పెర్త్‌కి దక్షిణాన ఇంజిడప్ అనే తీరంలో, కొండ మీద, ఎదురుగా సముద్రం తప్ప ఏమీ లేని వేవ్ హౌస్ అనే ఇల్లు. టీవీ లేదు, ఇంటర్‌నెట్ లేదు. పెర్త్ ఒంటరితనం చాలదన్నట్టు అక్కడికి వెళ్లాడు. మిక్సింగ్‌కి మాత్రం పాటలు న్యూయార్క్ రాష్ట్రంలో డేవ్ ఫ్రిడ్‌మన్ దగ్గరికి వెళ్లాయి. ఫ్లేమింగ్ లిప్స్ రికార్డులకి అంత విశాలమైన, అంచులు చిరిగిన శబ్దం తెచ్చినవాడాయన.

ఈ ఆల్బమ్‌లో గిటార్లు ఎందుకలా వినిపిస్తాయన్నది ఒక చిన్న తిరకాసు. మామూలుగా గిటారిస్టులు ముందు ఫజ్ పెట్టి, ఆ తర్వాత ప్రతిధ్వని చేరుస్తారు. చిరిగిన శబ్దం పెద్ద హాల్లో మోగినట్టుంటుంది. పార్కర్ వరస తిప్పేశాడు. ముందు ప్రతిధ్వని, తర్వాత ఫజ్. ఇప్పుడు హాలు మొత్తం చిరుగుతుంది. స్వరం ఎక్కడ ఆగిందో, దాని నీడ ఎక్కడ మొదలైందో తెలియదు, రెండూ ఒకే గోడగా మీద పడతాయి. చాలాసార్లు గిటార్‌ని ఆంప్లిఫయర్‌కి కలపకుండా నేరుగా రికార్డర్‌లోకి పెట్టేవాడు. అందరిలా ఆంప్లిఫయర్ ముందు మైకు పెట్టి ఉంటే 1967 నాటి గిటార్ వచ్చేది. ఇలా చేయడం వల్ల ఆ ఏడాదికీ ఈ ఏడాదికీ చెందని గిటార్ వచ్చింది. పాత రాక్‌ని తిరగరాశాడన్న విమర్శకి నాకు తెలిసిన గట్టి జవాబు ఇది.

ఆ ఆల్బమ్ బయటికి రాకముందే, 2009లో, తండ్రి జబ్బుచేసి చనిపోయాడు.

2012లో వచ్చిన ‘లోనరిజం’ నా దృష్టిలో ఇప్పటికీ అతని శిఖరం. పేరులోనే ఒంటరితనం ఉంది. అట్ట మీద బొమ్మ పారిస్‌లోని లక్సెంబర్గ్ తోటది, పార్కర్ తీసిందే. ఇనుప కమ్మీల కంచె, అవతల ఎండలో కూర్చున్న జనం, ఇవతల కెమెరా పట్టుకున్న మనిషి. పాటల్లో కూడా అదే కంచె. కొన్నాళ్లు పారిస్‌లో ఉండి, కొన్నాళ్లు పెర్త్‌లో ఉండి చేసిన పని. వీధి చప్పుళ్లు, మాటల ముక్కలు చిన్న రికార్డర్‌లో పట్టి పాటల మధ్య వదిలాడు. టాడ్ రండ్‌గ్రెన్ 1973 ఆల్బమ్ ‘ఎ విజర్డ్, ఎ ట్రూ స్టార్’ మీద తన ఇష్టాన్ని అతను దాచుకోలేదు. ఒక పాట ఇంకో పాటలోకి దొర్లిపోవడం, సింథసైజర్లు పొంగిపొర్లడం అక్కడినుంచి వచ్చిన ధైర్యమే. గిటార్ ఇక రాజు కాదు. రాగాలు మాత్రం బీచ్ బాయ్స్ వింటూ పెరిగిన ఇంటివి, తేలిగ్గా నోటికెక్కుతాయి. అంత గడబిడ కింద అంత మెత్తని పాట ఉండటం, అంత జోడుగొంతుల కింద ఒక్క మనిషి బెరుకు వినిపించడం, అదీ ఈ ఆల్బమ్ గొప్ప. ఏనుగు పేరున్న పాట ఒక్కటే వేరు. బూట్లేసుకుని నడిచినట్టుండే ఆ మోటు తాళం జే వాట్సన్‌తో కలిసి కట్టింది. ఊళ్లేలిందీ అదే.

స్టేజీ మీద వాయించడానికి ఇదంతా మళ్లీ విడదీయాలి. డ్రమ్స్ మీద ఉన్న వాట్సన్ సింథసైజర్లకి మారాడు, ఫ్రెంచి డ్రమ్మర్ జూలియన్ బార్బగాలో వచ్చాడు. 2013లో ఆల్‌బ్రూక్ తప్పుకుంటే బేస్ మీదికి కామరన్ ఏవరీ వచ్చాడు. గదిలో ఒక్కడు అయిదుగురయ్యాడు, బయట అయిదుగురు కలిసి ఆ ఒక్కణ్ని వాయించాలి. ఇంత కష్టమైన పని వాళ్లు ఎంత ఒద్దికగా చేస్తారో కచేరీల వీడియోలు చూస్తే తెలుస్తుంది.

ఆ తర్వాత మలుపు. లాస్ ఏంజెలెస్‌లో స్నేహితుడి కారులో తిరుగుతుంటే బీ జీస్ డిస్కో పాట మోగింది. మనసు దోచిందని, ఆ క్షణాన అది సైకెడెలిక్ సంగీతంలానే వినిపించిందని పార్కర్ చెప్పాడు. రాక్ అభిమానులు డిస్కోని చిన్నచూపు చూస్తారు, అందుకే ఈ మాట చాలామందికి మింగుడుపడలేదు. కానీ ఆ పాట, ‘స్టేయిన్ ఎలైవ్’, ఎలా తయారైందో చూడండి. 1977, ఫ్రాన్సులో ఒక పాత కోటలోని స్టూడియో. డ్రమ్మర్ డెనిస్ బ్రయన్ ఇంట్లో అవసరం పడి వెళ్లిపోవాల్సి వచ్చింది. అప్పటికే రికార్డైన ఇంకో పాటలోంచి రెండు ఆవర్తాల డ్రమ్స్ తీసుకుని, టేపు కత్తిరించి, కొసలు అతికించి, మైకు స్టాండు మీదుగా గుండ్రంగా తిప్పారు. ఆ టేపు చుట్టు మీదే పాట మొత్తం నడిచింది. అలసట లేని, ఊపిరి తీసుకోని తాళం. 1966లో లండన్‌లో తిరిగినదీ ఇలాంటి టేపు చుట్టే. బీటిల్స్ ఇంజనీర్లు, బీ జీస్ ఇంజనీర్లు, రెండు క్యాసెట్ రికార్డర్ల పెర్త్ కుర్రాడు, ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు. పార్కర్ చెవి అది పట్టేసింది. అతను రాక్‌ని వదిలిపెట్టాడన్నవాళ్లు ఈ చుట్టరికాన్ని చూడలేదు.

2015 జూలైలో ‘కరెంట్స్’ వచ్చింది. ఫ్రీమాంటిల్‌లోని ఇంట్లో చేశాడు. ఈసారి మిక్సింగ్ కూడా ఎవరికీ ఇవ్వలేదు. మొదటి పాట ‘లెట్ ఇట్ హ్యాపెన్’ ఏడున్నర నిమిషాల పైన ఉంటుంది. నడుమ ఒకచోట పాట ఇరుక్కుపోతుంది. ఒకే ముక్క సీడీ గీత పడ్డట్టు మళ్లీ మళ్లీ మోగుతుంది. యంత్రం పాడైందేమోనని మొదటిసారి విన్నవాళ్లు లేచి చూస్తారు. ఆ ఇరుకులోంచే తీగవాద్యాల ధ్వని మెల్లగా లేచి పాటని కొత్త దారికి ఎక్కిస్తుంది. నాష్‌విల్లో పాడైన చానల్‌ని ఉంచేసిన ధైర్యమే ఇక్కడా ఉంది. ఆల్బమ్‌కి ఆస్ట్రేలియాలో ఏరియా అనే రికార్డింగ్ సంఘం వారి ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ పురస్కారం, మరుసటి ఏడు బ్రిటన్‌లో బ్యాండ్‌కి బ్రిట్ పురస్కారం వచ్చాయి. చివరి పాటని 2016లో రిహానా తన ‘యాంటీ’ ఆల్బమ్‌లో దాదాపు ఉన్నదున్నట్టు పాడింది. పార్కర్ వాయించిన డ్రమ్స్, బేస్ అలాగే ఉన్నాయి, గొంతు మారింది. సైకెడెలిక్ రాక్ కుర్రాడి పాట అలా పాప్ మహారాణి నోట చేరింది. తర్వాత లేడీ గాగా, ట్రావిస్ స్కాట్, దువా లీపా, అందరూ ఆ డ్రమ్స్ కోసం వచ్చారు.

2018 నవంబరులో కాలిఫోర్నియా మాలిబూలో అతను అద్దెకున్న ఇంటిని వూల్సీ కార్చిచ్చు కాల్చేసింది. ల్యాప్‌టాప్, ఒక పాత హాఫ్‌నర్ బేస్ పట్టుకుని బయటపడ్డాడు, మిగతా సామాను బూడిదైంది. 2020 ఫిబ్రవరిలో వచ్చిన ‘ది స్లో రష్’ అంతా కాలం గురించే. అట్ట మీద నమీబియా ఎడారిలో కోల్మన్‌స్కోప్ అనే పాడుబడ్డ ఊరి ఇల్లు, గది నిండా ఇసుక. అందులో తండ్రితో మాట్లాడే పాట ఒకటుంది. మొదటి సగం కోపం, రెండో సగం బెంగ. పదేళ్లు పైగా రికార్డుల్లో మసక వెనక దాక్కున్న గొంతు అక్కడ కొంచెం ముందుకొచ్చింది.

2025 అక్టోబరులో వచ్చిన ‘డెడ్‌బీట్’లో గిటార్ దాదాపు లేదు. పశ్చిమ ఆస్ట్రేలియా అడవుల్లో రాత్రంతా సాగే నృత్య జాతరలు దానికి ప్రేరణ. కొంత పని మళ్లీ ఇంజిడప్‌లోని ఆ సముద్రపు ఇంట్లోనే జరిగింది. ఆ ఇంటిని ఈలోగా అతనే కొనుక్కున్నాడు. నాకు ఆల్బమ్ మొత్తం ఒకేలా నచ్చలేదు. కొన్ని పాటల్లో యంత్రపు డ్రమ్ము గట్టిగా ఉన్నా, పార్కర్ చేత్తో వాయించే డ్రమ్స్‌లోని ఆ తొణుకు లేదు. ఏడు నిమిషాల ‘ఎండ్ ఆఫ్ సమ్మర్’లో మాత్రం కదలని శ్రుతి మీద తాళం తిరుగుతూ తిరుగుతూ పాత మత్తు మళ్లీ ఎక్కుతుంది.

అంతకు ముందు ఏడాదే అతను మిత్రులతో కలిసి ఆర్కిడ్ అనే చిన్న కీబోర్డు బయటికి తెచ్చాడు. ఒక చేత్తో గుచ్ఛం రకం నొక్కి, రెండో చేత్తో ఒక్క మెట్టు తాకితే పూర్తి గుచ్ఛం మోగుతుంది. సంగీతం చదువుకోనివాళ్లు కూడా ఇంట్లో ఒక్కరే కూర్చుని పాట కట్టుకోవడానికి వీలుగా చేసిన పెట్టె అది.